జెనీవాకు మేం పంపిన నివేదిక: నా అనుభవం

జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి సమితిలోని ప్రతి సభ్యదేశాన్నీ దాదాపు నాలుగున్నరేళ్లకోసారి సమీక్షిస్తుంది. దాన్నే యూపీఆర్ (యూనివర్సల్ పీరియాడిక్ రివ్యూ) అంటారు. ప్రభుత్వం తన నివేదిక తాను ఇస్తుంది, సంఘాలు విడిగా రాసి పంపొచ్చు. మా దేశం వంతు వచ్చినప్పుడు ముస్లిం మహిళలతో పనిచేసే చిన్న సంఘాలం కొన్ని కలిశాం. రాసే బాధ్యత నాకు అప్పగించారు.

ఉమ్మడి నివేదిక 5,630 పదాలు దాటకూడదు. అసలు పేచీ పదాల దగ్గర రాలేదు. "మన మీద దాడులు జరుగుతున్న రోజుల్లో భరణం, తలాక్ గొడవలు బయటపెడితే అవతలివాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టే" అన్నారు కొందరు. "ఇంకా ఎన్నాళ్లు ఆగమంటారు?" అని ఒకావిడ గట్టిగానే అడిగింది. న్యాయం ఆమె వైపే ఉందని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అదే మాట. పేరు వినగానే ఇల్లు అద్దెకివ్వనిదీ, విడాకుల తర్వాత పైసా అందనిదీ ఒకే మనిషికి. అందుకే రెండూ ఒకేచోట రాశాం. 1979 నాటి ఐక్యరాజ్యసమితి మహిళా ఒడంబడికలో పెళ్లి, కుటుంబం గురించి చెప్పే 16వ అధికరణాన్నీ, 1992 నాటి మైనారిటీ హక్కుల ప్రకటననూ పక్కపక్కనే పెట్టాం. మతం ఒప్పుకోదనేవాళ్లకు జవాబు చెప్పడానికి 2009లో కౌలాలంపూర్‌లో మొదలైన ముసావా ఉద్యమం వాదనలు చాలా పనికొచ్చాయి. కుటుంబంలో సమానత్వాన్ని వాళ్లు ఇస్లాం లోపలి నుంచే వాదిస్తారు. 2004లో మొరాకో కుటుంబ చట్టాన్ని మార్చి ఆడపిల్లల పెళ్లి వయసు 18కి పెంచిన సంగతి కూడా చేర్చాం.

ఈ నివేదికలు ఐక్యరాజ్యసమితి వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ఒకామెకు తన వాంగ్మూలం చదివి వినిపిస్తే, "కవల పిల్లలు, కుట్టుమిషను అని రాస్తే నేనేనని మా వీధిలో అందరికీ తెలిసిపోతుంది" అంది. రెండూ కొట్టేశాం. "మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకునే సొమ్ము) ఇవ్వలేదన్నది మాత్రం తీయొద్దు" అంది. తీయలేదు.

సమీక్ష సభ మూడున్నర గంటలే. అక్కడ అడిగేది ఇతర దేశాలు, మనం కాదు. కాబట్టి మనం కోరే సిఫార్సులను ముందే ఆ దేశాల రాయబార కార్యాలయాలకు పంపాలి. చాలామంది జవాబివ్వలేదు. కలిసిన ఒక అధికారి బురఖా గురించి తప్ప వేరే ఏదీ అడగలేదు, నాకు చాలా బాధేసింది. ఒక్క మాట చెప్తాను: "మహిళల హక్కులు కాపాడాలి" అని రాయకండి. దానికి ఏ ప్రభుత్వమైనా సరే అంటుంది, ఆ తర్వాత పట్టుకుని అడగడానికేమీ ఉండదు. "భరణం కేసుల్లో ఉచిత న్యాయసహాయం ఇవ్వాలి" అని రాయండి.

ఆ న్యాయసహాయం సిఫార్సును ఒక దేశం సభలో చదివింది, మా ప్రభుత్వం ఒప్పుకుంది. దాడులపై విచారణ జరపాలన్నదాన్ని మాత్రం "గమనించాం" అంది. అక్కడి పద్ధతిలో ఆ మాటకు ఒప్పుకోలేదనే అర్థం. ఒప్పుకున్నదాని ప్రతి జతచేసి న్యాయశాఖకు అర్జీ పెట్టాం. ఒప్పుకోనిదాన్ని, రెండు సమీక్షల మధ్యలో పంపే మధ్యంతర నివేదికలో మళ్లీ రాస్తున్నాం.