మూడు ఫోన్ ప్లాన్లలో ఏది చవక? నేను లెక్క కట్టిన తీరు

నెలలో మాట్లాడే నిమిషాలను ‘ని’ అనుకుని ఒక్కో ప్లాన్‌కి ఒక్కో బీజీయ సమాసం రాశాను. మొదటిది 200 + 1.5ని. రెండోది 350 + 0.5ని. స్థిరపదం ఫోన్ ముట్టుకోకపోయినా కట్టాల్సింది, ‘ని’ గుణకం నిమిషం ధర. గడువులు వేరైతే, ఉదాహరణకు 28 రోజులు, 30 రోజులు అయితే, ముందు రెంటినీ ఒకే కాలానికి మార్చుకోవాలి.

రెండూ సమానం చేస్తే ని = 150. ఆ లోపు మొదటిది చవక, దాటితే రెండోది.

మూడోదానితోనే పేచీ. 400 కడితే 300 నిమిషాలు ఉచితం, ఆపైన నిమిషానికి 2. దీన్ని 400 + 2(ని − 300) అని ఒకే ముక్కగా రాసి, ని = 100 పెట్టి చూశాను. జవాబు సున్నా! వాడని నిమిషాలకు డబ్బు వెనక్కి ఇస్తున్నట్టు తేలింది. అందుకే రెండు ముక్కలు చేశాను: 300 వరకు 400 మాత్రమే, దాటాకే ఆ సమాసం.

ఇప్పుడు జతలుజతలుగా పోలిస్తే 133 నిమిషాల వరకు మొదటిది, 134 నుంచి 366 వరకు మూడోది, 367 నుంచి రెండోది చవక. ఇందాకటి 150 ఇక ఎందుకూ పనికిరాదు. అక్కడ మొదటి రెండూ 425 అవుతాయి, మూడోది 400కే వస్తుంది.

ఇక ‘ని’ విలువ. కాల్‌ని పై నిమిషానికి సవరించే ప్లాన్ అయితే 65 సెకన్ల కాల్ 2 నిమిషాల కింద లెక్క. అలాంటివి 40 ఉంటే మాట్లాడింది 43 నిమిషాల 20 సెకన్లే, బిల్లులో మాత్రం 80. కాబట్టి ‘ని’ని కాల్ లాగ్‌లోని మొత్తం సమయం నుంచి కాకుండా బిల్లు నుంచే తీసుకోవాలి.

సగటు ఇంకా పెద్ద మోసం. మూడు నెలల వాడకం 60, 60, 400 అనుకుందాం. సగటు సుమారు 173, అంటే మూడో ప్లాన్ తీసుకోమనే చెబుతుంది. నెలనెలా విడిగా వేస్తే మొదటిది 1380, రెండోది 1310, మూడోది 1400. సగటు చూపించిన ప్లానే అన్నిటికంటే ఖరీదు! మొదటి రెండూ సరళరేఖలు కాబట్టి సగటుతో వేసినా మొత్తం మారదు. మూడోది 300 దగ్గర విరుగుతుంది, పోయిన నెల మిగిలిన 240 నిమిషాలు ఈ నెల అదనానికి అడ్డుపడవు. మిగిలినవి తర్వాతి నెలకు కలిపే ప్లాన్ అయితే ఆ రెండో ముక్కను మళ్లీ రాసుకోవాలి.