పాస్‌పోర్టు ఇచ్చేసిన వస్తాదు

టోక్యోలో రియోగోకు స్టేషన్లో సోబు లైన్ రైలు ఆగి తలుపులు తెరుచుకున్నప్పుడు ఒక్కోసారి పెట్టెలోకి ఒక తియ్యటి వాసన వస్తుంది. కొబ్బరినూనె వాసన కాదు, అగరొత్తుల వాసనా కాదు, ఆ రెండింటికీ మధ్యలో ఏదో. తలెత్తి చూస్తే పల్చటి యుకాతా కట్టుకుని, చెక్క చెప్పులేసుకుని, ఇరవయ్యేళ్ళు కూడా నిండని భారీ సుమో కుర్రాడొకడు తలుపు పక్కన నిలబడి ఫోన్లో గేమ్ ఆడుకుంటూ ఉంటాడు. ఆ వాసన వాడి సిగకి రాసిన మైనంలాంటి నూనెది, బిన్‌త్సుకె అంటారు. నా ఆఫీసు తర్వాతి స్టేషన్ కిన్షిచోలో కాబట్టి ఇన్నేళ్ళుగా ఆ వాసన నాకు ఆఫీసు టైముతో కలిసిపోయింది.

నేను జపాన్ వచ్చింది 2009లో. ఉండేది నిషి-కసాయిలో, అంటే టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే చోట. కరివేపాకు, మినప్పప్పు, అపార్ట్‌మెంట్ గొడవలు, అన్నీ దొరుకుతాయి. సుమో గురించి రాస్తున్నానని నేనేదో పెద్ద తెలిసినవాణ్ణి అనుకోకండి. మాది విజయనగరం జిల్లా. మా తాతయ్య కోడి రామమూర్తి నాయుడు గారి పేరెత్తితే చాలు, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు. తాలింఖానా, గోదా, వస్తాదు, ఈ మాటలన్నీ ఆయన దగ్గర విన్నవే. అందుకే సుమో శాలని నడిపే పెద్దాయన్ని ఒయాకాత అంటారని మా టెస్టింగ్ టీమ్ సీనియర్ ఒకాయన చెప్పగానే నా బుర్రలో దానికి వస్తాదు అనే మాట స్థిరపడిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ సీనియర్ వల్లే 2012 మే 20 నాకు గుర్తుంది. ఆదివారం. మర్నాడు పొద్దున సూర్యగ్రహణం, ఎల్లుండి స్కైట్రీ టవర్ ప్రారంభం, టోక్యో అంతా నల్లకళ్ళద్దాలు కొనే హడావిడిలో ఉంది. సాయంత్రం ఆయన ఇంట్లో ఎన్‌హెచ్‌కే పెట్టుకుని కూర్చున్నాం. మామూలుగా కప్పు కోసం పోటీపడేది యోకోజునాలూ ఓజెకిలూ, అంటే మొదటి రెండు ర్యాంకుల పెద్ద తలకాయలు. ఆ రోజు కిసెనోసాతో అనే ఓజెకి ఓడిపోవడం, ఇంకో ఓజెకి పొద్దున్నే గాయమని తప్పుకోవడం, ఇలా గందరగోళమై చివరికి ఇద్దరు మామూలు మాయెగాషిరా మల్లులు ప్లేఆఫ్‌కి వచ్చారు. అలా జరగడం అదే మొదటిసారి. అందులో ఒకడు క్యొకుతెన్‌హో, మంగోలియా నుంచి వచ్చినవాడు, వయసు 37. అవతలివాడు తోచియోజాన్, పాతికేళ్ళవాడు. ముందుకి తోసుకొస్తున్నవాణ్ణి పక్కకి జరిగి కిందికి కొట్టేశాడు, అంతే, అయిపోయింది. 37 ఏళ్ళ వయసులో మొదటి కప్పు! మా సీనియర్ చేతిలో బీరు గ్లాసు ఉంది, తాగట్లేదు. నాకేం అర్థం కాక "అంత గొప్పా?" అనడిగాను. "నువ్వు అతని కథ తెలుసుకుని మాట్లాడు" అన్నాడు కాస్త కోపంగానే.

తర్వాత తెలుసుకున్నాను.

1992లో ఓషిమా శాల వస్తాదు (ఒకప్పటి ఓజెకి అసాహికుని) మంగోలియా వెళ్ళి ఆరుగురు కుర్రాళ్ళని తెచ్చాడు. ప్రొఫెషనల్ సుమోలోకి వచ్చిన మొదటి మంగోలియన్లు వాళ్ళే. మన క్యొకుతెన్‌హోకి అప్పుడు 17. జపనీస్ ఒక్క ముక్క రాదు. సుమో శాలలో కొత్తవాడి బతుకు ఎలా ఉంటుందంటే, తెల్లారకముందే లేవాలి, ఖాళీ కడుపుతో ప్రాక్టీసు చెయ్యాలి, తర్వాత వంటింట్లో చాంకో (మల్లులు తినే పులుసు) కుండ దగ్గర పని, సీనియర్లు స్నానం చేసి తినేదాకా వెనకాల నిలబడి వడ్డించాలి, ఆఖర్న కుండలో మిగిలింది తినాలి. జీతం లేదు. జూర్యో అనే రెండో డివిజన్‌కి చేరేదాకా నెలజీతం ఎవరికీ ఉండదు, అప్పటిదాకా టోర్నీకింతని అలవెన్సు, అంతే. ఆర్నెల్లకి ఆరుగురిలో ఐదుగురు శాల నుంచి పారిపోయి మంగోలియా ఎంబసీలో దూరారు. క్యొకుతెన్‌హో అయితే ఏకంగా ఇంటికే వెళ్ళిపోయాడు. ఇలా శాల నుంచి ఉడాయించడానికి సుమోవాళ్ళ దగ్గర ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, 'సుకాసు' అని. అంటే అది ఎంత తరచుగా జరుగుతుందో చూడండి. వస్తాదు ఊరుకోలేదు, మంగోలియా వెళ్ళి నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చాడు.

ఆ వచ్చినవాడు 1998లో టాప్ డివిజన్ చేరి, 2015లో 40 ఏళ్ళ వయసులో రిటైరయ్యేదాకా అక్కడ 1,470 కుస్తీలు పట్టాడు. అప్పటికి అది రికార్డు. ఎప్పుడూ మొదటి రెండు ర్యాంకులకి చేరలేదు, మూడోదైన సెకివాకే దగ్గరే ఆగిపోయాడు. మధ్యలో ఒక్క టోర్నీ మాత్రం పోయింది, 2007లో. గాయం వల్ల కాదు, కారు నడిపి యాక్సిడెంట్ చేసినందుకు సస్పెన్షన్. ఆడుతున్న మల్లులు స్టీరింగ్ పట్టుకోకూడదని సుమో సంఘం రూలు. ప్రతి కొలువులోనూ ఇలాంటి రూలొకటి ఉంటుంది, ఇరుక్కున్నాకే తెలుస్తుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో రూలు. రిటైరయ్యాక సుమో సంఘంలో ఉండి శిక్షణ ఇవ్వాలంటే జపాన్ పౌరుడై ఉండాలి. 1976లో పెట్టారు. హవాయి నుంచి వచ్చిన తకామియామా అప్పుడు గోదాలో వెలిగిపోతున్నాడు, ఆయన పౌరసత్వం మార్చుకుని 1984లో రిటైరై, సొంత శాల పెట్టి, మొట్టమొదటి విదేశీ యోకోజునా అకెబోనోని తయారుచేశాడు. పౌరసత్వం ఒక్కటే చాలదు. వస్తాదు పదవులు మొత్తం 105, ఒక్కోదానికి తరతరాలుగా వస్తున్న పేరుంటుంది, ఆ పేరు ఖాళీ అయితేనే నీకు చోటు. కాలేజీలో పోస్టు ఖాళీ కోసం గెస్ట్ లెక్చరర్లు కాచుకుని కూర్చున్నట్టే.

ఇద్దరు పెద్ద యోకోజునాల కథ చూడండి. కకుర్యూ ఒళ్ళంతా గాయాలతో టోర్నీ వెంట టోర్నీ మానేస్తూ, రిటైరవ్వు అని జనం సణుగుతున్నా వేలాడుతూ ఉన్నాడు. ఎందుకంటే కాగితాలు రాలేదు. ఆ కాగితాల్లేకుండా రిటైరయితే సంఘంలో చోటు లేదు. 2020 డిసెంబర్లో వచ్చాయి, 2021 మార్చిలో రిటైరయ్యాడు. గ్రీన్‌కార్డు కోసం మోకాలు విరిగినా ఉద్యోగం మానలేని మన అన్నయ్యలు అమెరికాలో ఎంతమంది లేరు! హకుహో అయితే 45 కప్పులు గెలిచినవాడు, చాలాకాలం ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న మంగోలియాకి మొట్టమొదటి ఒలింపిక్ వెండి పతకం తెచ్చిన మల్లుడు. ఆ నాన్న 2018లో పోయాడు, కొడుకు 2019లో జపనీయుడయ్యాడు. ఇంతా చేస్తే, తన శాలలో ఒక శిష్యుడు తోటివాళ్ళని కొట్టిన గొడవలో 2024లో శాల మూతపడింది, 2025లో సంఘాన్నే వదిలేశాడు. జార్జియా నుంచి వచ్చిన తోచినోషిన్ సొంత పౌరసత్వం వదులుకోలేదు, 2023లో గోదా దిగి సంఘం నుంచి బయటికి వచ్చేశాడు. నన్నడిగితే ఈ ముగ్గురిలో ఎవరిదీ తప్పని చెప్పను గానీ, ఆ రూలు మాత్రం నాకు నచ్చదు. ఇరవయ్యేళ్ళు వాళ్ళ అన్నం తిని, వాళ్ళ మట్టిలో పొర్లి, వాళ్ళ భాషలోనే కలలు కంటున్నవాడిని ఇంకా కాగితం అడగడం ఏమిటి?

క్యొకుతెన్‌హో ఈ పని ముందే చేసేశాడు, 2005లో. జపనీస్ పేరు పెట్టుకోవాల్సి వస్తే తన వస్తాదు ఇంటిపేరు 'ఓతా' తీసుకున్నాడు. 2012 ఏప్రిల్లో ఆ వస్తాదుకి 65 నిండాయి, అంటే దిగిపోవాలి. శాలని ఈయనే తీసుకోవాలి, కానీ నేనింకా ఆడతాను అన్నాడు. దాంతో ఓషిమా శాల మూసేసి, పిల్లలందర్నీ తొమొజునా శాలలో కలిపేశారు. సరిగ్గా ఆ తర్వాతి టోర్నీలోనే ఆ కప్పు! మా సీనియర్ బీరు ఎందుకు తాగలేదో నాకప్పుడు అర్థమైంది. రిటైరయ్యాక ఓషిమా పేరుతో వస్తాదయ్యాడు, 2017లో తొమొజునా శాల పగ్గాలు పట్టాడు, మంగోలియాలో పుట్టినవాడు ఒక శాలకి పెద్ద కావడం అదే మొదటిసారి. 2022లో పదవి పేరు మార్చుకుని మళ్ళీ ఓషిమా అయ్యాడు, శాల పేరు కూడా అదే అయ్యింది. పదేళ్ళ కింద తన వల్ల మూతపడ్డ బోర్డు మళ్ళీ గోడెక్కింది.

ఇదంతా నేనెందుకు ఇంత తవ్వానంటే, రెండేళ్ళ కింద ఆఫీసులో నన్ను పిలిచి, "ఇక మీరు కోడ్ రాయనక్కర్లేదు, కొత్తవాళ్ళని తయారుచెయ్యండి" అన్నారు. ప్రమోషనే. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పాయసం చేసింది. నాకు మాత్రం నెల రోజులు చేతులు ఏం చెయ్యాలో తోచలేదు, మీటింగుల్లో బల్ల కింద ఊరికే కీబోర్డు కొడుతున్నట్టు వేళ్ళు కదిలేవి. అదే సమయంలో పౌరసత్వం సంగతి కూడా ఇంట్లో మొదలైంది, పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుతున్నారు కదా అని. జపాన్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఇండియా అసలే ఒప్పుకోదు. అప్లికేషన్‌తో పాటు 'ఎందుకు జపనీయుడు కావాలనుకుంటున్నారు' అని జపనీస్‌లో చేత్తో రాసివ్వాలి, టైపు చేస్తే కుదరదు. నేను మూడు కాయితాలు చింపేశాను.

అమ్మకి ఫోన్లో చెప్పాను.

"అయితే ఒరే, మనూరు రావాలంటే నువ్వు వీసా తీసుకోవాలా?"

"వీసా కాదమ్మా, ఓసీఐ అని కార్డొకటి ఇస్తారు."

"ఇంటిపేరు కూడా మార్చేస్తారా?"

"అక్కర్లేదే, కటకానా లిపిలో అదే రాసుకోవచ్చు" అన్నాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ బ్యాంకు ఫారంలో పట్టదని ఏడుస్తావుగా" అని నవ్వింది. నిజమే, మా ఇంటిపేరు, నా పేరు కలిపి రాస్తే ఇక్కడ ఏ ఫారంలోనూ గళ్ళు సరిపోవు.

నా చేతికిచ్చిన పిల్లల్లో గుంటూరు కుర్రాడొకడున్నాడు. చురుకైనవాడు. 2024లో మే మొదటివారం సెలవులయ్యాక మంగళవారం రాలేదు, బుధవారం రాలేదు. ఇక్కడ దీన్ని 'గొగత్సు-బ్యో' అంటారు, మే నెల జబ్బు. సాయంత్రం వాడి గదికి వెళ్ళాను. తలుపు తీశాడు. నేల మీద సూట్‌కేసు తెరిచే ఉంది, రైస్ కుక్కర్‌ని దుప్పట్లో చుట్టి అందులో పెట్టాడు.

"టికెట్లు చూస్తున్నా అన్నా" అన్నాడు.

నేను బుద్ధులేం చెప్పలేదు. క్యొకుతెన్‌హో కథ చెప్పాను, ఎంబసీకి పారిపోవడం, వస్తాదు మంగోలియా వెళ్ళడం అంతా. శ్రద్ధగా విన్నాడు. విని, "ఆరుగురు వచ్చారన్నారు కదా, మిగతావాళ్ళు ఏమయ్యారన్నా?" అనడిగాడు. ముగ్గురు నిలబడ్డారు, ముగ్గురు తిరిగి వెళ్ళిపోయారు, వెళ్ళినవాళ్ళ సంగతి నేనెక్కడా చదవలేదు. అదే చెప్పాను. "వాళ్ళు హాయిగా ఉండి ఉంటారు" అన్నాడు వాడు. నాకు జవాబు దొరకలేదు.

వాడు జూలైలో గుంటూరు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు, ఆ మే టోర్నీకే, సుమో స్టేడియం కొకుగికాన్‌కి తీసుకెళ్ళాను, రెండో అంతస్తులో వెనక కుర్చీలు. ఆ టోర్నీ ఓనోసాతో అనే కుర్రాడు గెలిచాడు, వాడి వస్తాదు ఎవరో తెలుసా, 2012లో ఆఖరి రోజు ఓడిపోయాడన్నానే, ఆ కిసెనోసాతో. కారిడార్లో దారి తప్పాం. మూలన నీలం జాకెట్టు వేసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కొండలాంటి మనిషి నిలబడున్నాడు, సెక్యూరిటీ డ్యూటీ. కొత్తగా వస్తాదులయినవాళ్ళకి మొదట ఇచ్చే పని ఇదే, నిన్నటిదాకా వేలమంది చప్పట్లు కొట్టిన మనిషి ఇవాళ జనానికి బాత్రూం దారి చూపిస్తాడు. మా టికెట్ తీసుకున్నాడు, ఆ వేళ్ళ మధ్య అది పల్లెవెలుగు బస్సు టికెట్టంత కనపడింది. ఎడం పక్క మెట్లు చూపించి తలొంచాడు. అంత దగ్గర నిలబడ్డా బిన్‌త్సుకె వాసన రాలేదు, మామూలు షాంపూ వాసన. జుట్టు దగ్గరగా దువ్వి ఉంది, గుమస్తాలా.

మెట్లెక్కుతుంటే కుర్రాడు "ఎవరన్నా ఆయన?" అన్నాడు.

గోదాలో ఉన్నప్పటి పేరు ఠక్కున చెప్పాను. ఇప్పుడేమంటున్నారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.