సెటిల్ అయిపోయింది అనుకున్న, అదే అడ్డం పడ్డది

మాది నల్లగొండ. 2020ల లాక్‌డౌన్ పడంగనే హైదరాబాద్‌ల ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన, క్రెడిట్ కార్డు మీద 45 వేలు ఉండె, కట్టలేకపోయిన. రికవరీ వాళ్లు పొద్దుమాపు ఫోన్లు చేసి పానం తీసిర్రు. 2021ల ఒకాయన "అన్నా 20 వేలు కట్టు, సెటిల్‌మెంట్ లెటర్ ఇస్తం, ఇంక ఏం లొల్లి ఉండదు" అన్నడు. అమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చింది, కట్టేసి లెటర్ బీరువల పెట్టి మర్చిపోయిన.

పోయినేడు ఇల్లు మొదలుపెట్టి హోమ్ లోన్‌కు పోతే మేనేజర్ సిబిల్ (మనం అప్పులు ఎట్ల కట్టినమో లెక్క రాసి స్కోర్ ఇచ్చే కంపెనీ) రిపోర్ట్ తీసి స్క్రీన్ నా దిక్కు తిప్పిండు. స్కోర్ 648. ఆ కార్డు కాడ 'సెటిల్డ్' అని ఉంది. కట్టిన కద సార్ అంటే, "సెటిల్డ్ అంటే మొత్తం కట్టలేదనే లెక్క, క్లోజ్డ్ అని పడాలె" అన్నడు. గీ ముక్క ఆనాడు ఫోన్ల చెప్పినోడు లేడు, నేను అడగనూ లేదు, ఫోన్లు ఆగితే సాలనుకున్న.

మా బావేమో "ఏడేండ్లయితే అదే పోతది, 2027 దాక ఆగు" అన్నడు. నేనూ నమ్మిన. తీరా చూస్తే రూల్ ఉన్నది సిబిల్ అసోంటి క్రెడిట్ బ్యూరోలు డేటాను *కనీసం* ఏడేండ్లు దాచిపెట్టాలె అని, ఏడేండ్లు నిండంగనే తుడిచెయ్యాలని కాదు. ఎన్ని రోజులు లేటు కట్టినవో చూపే డీపీడీ గళ్లు 36 నెలలయే ఉంటయి గని పైన స్టేటస్ మాత్రం అట్లనే కూసుంటది. నడుమల ఒకడు ఐదు వేలిస్తే డిలీట్ చేయిస్తన్నడు. బ్యాంకు ఒప్పుకోనిది సిబిల్ వాళ్లే మార్చరు, వీడేం మారుస్తడు?

ఇగ ఆ మిగిలిన 25 వేలు కడ్తనని బ్యాంకుకు మెయిల్ పెట్టిన, క్లోజ్డ్ అని రిపోర్ట్ చేస్తమని వాళ్లతోని రాపిచ్చుకున్నంకనే పైసలు కట్టిన, ఎన్‌ఓసీ (ఇంక బాకీ లేదనే లెటర్) తీసుకున్న. రెండు నెలలైనా రిపోర్ట్‌ల ఏం మారలే, అసలైతే 2025 జనవరి నుంచి బ్యాంకులు పదిహేను రోజులకోసారి బ్యూరోలకు డేటా పంపాలని రూల్ ఉండె. సిబిల్ సైట్ల డిస్ప్యూట్ (రిపోర్ట్‌ల తప్పుందని ఫిర్యాదు) వేసిన, దానికి పైసలు లేవు. 30 రోజులల్ల తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు మనకు ఇయ్యాలని ఆర్‌బీఐ రూల్ ఉంది, అది రాసి ఎన్‌ఓసీ జతచేసి మళ్ల మెయిల్ కొడితే అప్పుడు కదిలిర్రు, వారంల క్లోజ్డ్ పడ్డది.

అయిపోయిందనుకుంటే, సిబిల్ లెక్కనే ఇంకో బ్యూరో అయిన ఎక్స్‌పీరియన్‌ల ఇంకా సెటిల్డే ఉండె. మొత్తం నాలుగు బ్యూరోలు ఉన్నయని నాకు అప్పటిదాక తెల్వదు, ఒక్కోదాంట్ల ఏడాదికోసారి ఫుల్ రిపోర్ట్ ఫ్రీగ ఇస్తరు, నాలుగూ తీసి చూస్కోండ్రి.

ఇప్పుడు స్కోర్ 702. మేనేజర్ ఇంకో ఆరు నెలలాగి రమ్మన్నడు. పిల్లర్లు లేచినయి, స్లాబ్ ఆగింది, నాయిన రోజూ పొద్దుగాల పోయి వాటికి నీళ్లు కొట్టొస్తున్నడు, క్యూరింగ్ ఎన్నడో అయిపోయిందే అంటే ఇనడు.