మనాలి నుంచి లేహ్ వరకు సైకిల్‌పై

ఈ వేసవిలో మనాలి నుంచి లేహ్ దాకా సైకిల్‌పై వెళ్లాను. రోహ్‌తాంగ్ కనుమ దగ్గర పీర్ పంజాల్ పర్వత శ్రేణిని, బారాలాచా లా (లా అంటే కనుమ) దగ్గర ప్రధాన హిమాలయ శ్రేణిని, లాచులుంగ్ లా, తంగ్లాంగ్ లాల దగ్గర జంస్కార్ పర్వతాలను దాటించే ఈ దారి, దేవదారు అడవుల్లో మొదలై వాన అరుదైన రాతి ఎడారిలోకి తీసుకుపోతుంది. తాండి వద్ద చంద్ర, భాగ నదులు కలిసి చీనాబ్‌గా మారడం చూసి, అక్కడి నుంచి భాగ వెంటే అది పుట్టే సూరజ్ తాల్ సరస్సు దాకా ఎగువకు తొక్కడం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఒక నదిని దాని పుట్టుక దాకా అనుసరించే అవకాశం బస్సు ప్రయాణికులకు ఇంత నిదానంగా దొరకదు.

గాటా లూప్స్‌లోని 21 మలుపుల గురించి అందరూ భయపెడతారు గానీ, అక్కడ ఎక్కుడు సమంగా ఉండటం వల్ల ఒకే లయలో తొక్కవచ్చు. అసలు పరీక్ష 5,300 మీటర్లు దాటిన తంగ్లాంగ్ లా వద్ద ఎదురవుతుంది; అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికేదానిలో దాదాపు సగమే. సైకిల్ తొక్కడమే గగనమైన ఆ గాలిలో, ఝార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు రాళ్లు మోసి, కంకర పరిచి ఈ రోడ్డును నిలబెడుతున్నారు. లేహ్ చేరి ఫొటోలు పంచుకునే మిత్రులు వారి శ్రమను కూడా తప్పక ప్రస్తావించాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.