బూడిద ట్యాంకరు వెనుక

నిన్న ముద్దనూరు నుండి ఎర్రగుంట్లకు వస్తూ, ఓ బూడిద ట్యాంకరు వెనుక చిక్కుకుని చాలాసేపు విసుక్కున్నాను. కలమళ్ల వద్దనున్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాలగా మిగిలే ఆ మెత్తటి బూడిదను సిమెంటు కర్మాగారాలు తీసుకుపోతాయని, పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంటులో దానిని 15 నుండి 35 శాతం వరకు కలపడానికి భారతీయ ప్రమాణాలు అనుమతిస్తాయని, 20 ఏళ్లు ఆ పనిలోనే గడిపిన మా బావగారు పక్కన కూర్చుని ఓపికగా వివరించారు. సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి తయారుచేసే, సిమెంటుకు మూలమైన గడ్డల్లాంటి క్లింకరు అవసరం ఆ మేరకు తగ్గుతుంది కనుక రాయీ, ఇంధనమూ రెండూ మిగులుతాయి. ఇందులో పర్యావరణంపై ప్రేమ కన్నా లాభనష్టాల లెక్కే ఎక్కువని నా అనుమానం, అయినా తప్పుపట్టలేను. మా నాపరాళ్ల పాలిషింగ్ బురద మాత్రం ఇంకా రోడ్డు పక్కనే ఎండుతోంది.