ఐసీయూ దాటాక మొదలయ్యే ఖర్చు

నాకు కాలూచెయ్యీ పడిపోయిన వారంలోపే పైసలు జమయ్యాయి. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవడో నా ఫొటో పెట్టి, ఫోన్‌పే నంబరు ఇచ్చాడట. నేను టైలర్‌ను కాబట్టి దేవరకొండ టైలర్లు షాపు షాపుకూ తిరిగారు. మా వాడకట్టు మహిళా సంఘం ఆడవాళ్లు తలా వంద వేశారు. నా భార్య అవన్నీ నోట్‌బుక్కులో పేరుపేరునా రాసిపెట్టింది, పెళ్లిలో చదివింపులు రాసినట్టు. "రేపు వాళ్లింట్ల ఏదన్నయితే మనం పెట్టద్దా?" అని ఆమె లెక్క.

ఆ పైసలతో బతికినవాణ్ణి కాబట్టే ఈ మాట అంటున్నాను. మనిషి ఐసీయూలో ఉంటే అందరూ జేబులో చెయ్యి పెడతారు. ఇంటికొచ్చాక మాత్రం, బాగైండు కదా అనుకుంటారు. పక్షవాతానికి అసలు ఖర్చు మొదలయ్యేది అప్పుడే.

నాకు వచ్చింది నిద్రలో. పొద్దున లేవబోతే కుడికాలు ఆనలేదు, మంచం పక్కనే కూలబడ్డాను. నీళ్లు అడగబోతే నోట్లోంచి "కత్తెర" అని వచ్చింది. మళ్లీ అడిగినా కత్తెరే. గాలి సోకిందని ఒకరు, పావురం రక్తం రాయిస్తే తగ్గుతదని ఒకరు. మా బావమరిది ఎవరి మాటా వినకుండా 108కి ఫోన్ కొట్టాడు. మొదట దింపిన చోట సీటీ స్కాన్ లేదన్నారు. అక్కడి నుంచి హైదరాబాద్, దాదాపు వంద కిలోమీటర్లు.

స్కాన్ తీస్తేగానీ మెదడులో రక్తం గడ్డ కట్టిందో, రక్తనాళం చిట్లిందో తెలియదు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ రక్తనాళం చిట్లినవాళ్లకు ఇస్తే ప్రాణం మీదికే వస్తుంది. నాది గడ్డే. కానీ ఆ ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. నిద్రలో వచ్చినవాళ్లకు ఆ గంటలు లేచినప్పటి నుంచి కాదు, చివరిసారి బాగున్నట్టు చూసినప్పటి నుంచి లెక్కేస్తారు. నేను రాత్రి పదింటికి పడుకున్నాను. ఇక ఇంజెక్షన్ మాటే లేదు. నాకు బీపీ ఉన్న సంగతి కూడా అక్కడే తెలిసింది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు కాబట్టి ఆస్పత్రి బిల్లు గట్టెక్కింది.

ఇంటికొచ్చాక చూడండి. ఫిజియోథెరపిస్టు ఇంటికి వస్తే రోజుకు నాలుగు వందలు. మందులు, పరీక్షలకు పోయినప్పుడల్లా కారు కిరాయి. నన్ను లేపడానికి, కూర్చోబెట్టడానికి ఒక మనిషి ఉండాలి కాబట్టి నా భార్య కూలి బంద్. నా మిషిన్ బంద్. రెండు సంపాదనలూ ఒక్కసారే ఆగిన ఇంట్లో చందా పైసలు ఎన్నాళ్లుంటాయి?

నీళ్లు మింగితే కొర్రుబోయేది, అంటే పొలమారేది. పల్చటివి వద్దు, చిక్కటి జావ ఇవ్వండి, అదీ నిటారుగా కూర్చోబెట్టే తాగించండి అని డాక్టరు చెప్పాడు. చూడవచ్చినవాళ్లకు ఇవేమీ తెలియవు. ప్రేమకొద్దీ పడుకున్నవాడికే చాయ్ పట్టబోతారు. "లే తమ్మీ, ధైర్యంగుండాలె" అంటూ పడిపోయిన చేతినే పట్టి పైకి గుంజుతారు. పట్టులేని భుజం అట్లా గుంజితే జారుతుంది. ఆ నొప్పికి నాకు నెలల తరబడి నిద్రలేదు. చివరికి నా భార్య గుమ్మం దగ్గరే నిలబడి, "అన్నా, కుడిచెయ్యి ముట్టద్దు" అని ముందే చెప్పేది.

కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. స్ట్రోక్, అంటే పక్షవాతం, వచ్చినవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి ఈ దిగులు పట్టుకుంటుందని, దానికీ మందులున్నాయని డాక్టరు అన్నాక మా ఇంట్లోవాళ్లు కాస్త తేలికపడ్డారు.

దసరాకు బ్యాచ్ వాళ్లు చూడవచ్చారు. ఇంకోసారి చందా ఎత్తుదామన్నారు. అప్పుడే నా భార్య నోట్‌బుక్కు తెచ్చి ముందు పెట్టింది. వచ్చినవి ఒకవైపు, పోయినవి ఒకవైపు. ఫిజియోథెరపీ దగ్గరకొచ్చేసరికి పేజీ ఖాళీ. పైసలైపోయి మాన్పించాం. వాళ్లలో బ్యాంకులో పనిచేసేవాడు కాసేపు చూసి, "ఒక్కసారే కుప్ప పొయ్యకుండ నెలనెలా ఇద్దాం, ఫిజియో ఆయనకే నేరుగా పంపుదాం" అన్నాడు. అట్లా మొదలైంది. మొదటి నెలల్లో మెదడు తొందరగా కోలుకుంటుంది కాబట్టి అది కొంత ముందే జరిగుంటే బాగుండేది. అయినా నడక వచ్చింది. గుండీలు పెట్టడం, విప్పడం, పాత ప్యాంటు మడతలు ఊడదీయడం, ఇవే నా వేళ్లకు వ్యాయామాలు. కత్తెర ఇంకా సరిగా నిలవదు. కాజాలు మాత్రం కుడతాను, మెల్లగా.

ఇప్పుడు ఆ నెల చందా నాకు కాదు, ఒక హమాలీ ఇంటికి, తండాలో ఒక ఆమెకు పోతోంది. వినాయకుడి లడ్డు వేలం పైసల్లోంచి కూడా దాంట్లో కొంత కలిపారు. ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం వస్తేనే పింఛన్ కాబట్టి, ఆ పరీక్షకు స్లాట్లు పట్టించే పని కూడా మావాళ్లదే.

అక్టోబర్ 29, ప్రపంచ స్ట్రోక్ దినం నాడు బస్టాండ్ దగ్గర బీపీ చూసే టెంటు వేశాం. ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఉండాలన్న దాని మీద గంట పంచాయితీ. చెక్కు ఇస్తూ ఫొటో దిగడం నాకు మొదటి నుంచీ నచ్చదు. వంకర మూతితో ఉన్న మనిషిని నిలబెట్టి ఫొటో ఏంది? ఈసారి ఫొటోలు లేకుండా నాలుగు బొమ్మలు వేయించాం. నవ్వమంటే మూతి ఒకపక్కకు పోతోందా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారుతోందా, పేరు చెప్పమంటే మాట తడబడుతోందా. నాలుగోది గడియారం: టైం చూసుకుని 108కి ఫోన్. గుండెనొప్పంటే ఉరికే జనం దీనికి మాత్రం సాయంత్రం దాకా చూద్దామంటారు, ఎందుకంటే చాలాసార్లు నొప్పి ఉండదు. తండాలకు మాతో వచ్చిన పంతులమ్మ ఇదంతా లంబాడీలో చెప్పేసరికి ముసలివాళ్లు కూడా ముందుకొచ్చి చేతులు ఎత్తి చూపించారు. బీపీ 140 దాటినవాళ్లకు చీటీ రాసిచ్చి సబ్‌సెంటర్‌కు పంపాం. మాత్రలు అక్కడ ఉచితమే.

మా దగ్గర రెండు వాకర్లు, ఒక వీల్‌చైర్ ఉన్నాయి, అవసరమైనవాళ్లకు ఇచ్చి తీసుకుంటాం. ఒక వాకరు డిండి వైపు ఒక ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పెద్దాయన పోయాడు. అడగడానికి మొహమాటంగా ఉంది, కానీ వరుసలో ఇంకో మనిషి ఉన్నాడు. వచ్చే ఆదివారం బావమరిదిని వెంటబెట్టుకుని నేనే పోతాను.