సా, గా, ఎడమ చెయ్యి

పక్షవాతం వచ్చిన ఎనిమిదో రోజున "నీళ్లు" అన్న చిన్న మాట నా నోట పలకలేదు. నేనే కట్టిన నాట్ల పాట పల్లవి మాత్రం పొల్లుపోకుండా వచ్చింది. మాట వచ్చేసిందని ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు. పాట ఆగగానే మళ్లీ "త... త..." దగ్గరే ఉన్నాను. చాలా ఇళ్లలో ఇక్కడే పొరపాటు పడి, రోజూ పాత పాటలే పాడించి ఊరుకుంటారు.

మాటను కూర్చే బ్రోకా ప్రాంతం ఎక్కువమందికి ఎడమ మెదడులో ఉంటుంది. అక్కడ రక్తం ఆగితే కుడి చెయ్యి, మాట ఒక్కసారే పడిపోవచ్చు. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమవుతూనే ఉంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు. మనిషి బాగున్నట్టు ఆఖరిసారి చూసిన సమయం నుంచి ఆ లెక్క మొదలవుతుంది. నిద్రలో వచ్చిందంటే రాత్రి పడుకున్నప్పటి నుంచే లెక్క. శ్రీకాకుళం నుంచి విశాఖకి వంద కిలోమీటర్ల పైమాట. నూనె రాసి, మర్దనా చేసి చూద్దామనుకుంటే గడువు ఇంట్లోనే అయిపోతుంది. నాకు అలాగే అయిపోయింది.

కంఠతా వచ్చిన పాటకి కుడి మెదడు ఆసరా ఇస్తుంది, అందుకే అది మిగులుతుంది. కానీ పల్లవిలో "నీళ్లు" ఉన్నా, దాహమేసినప్పుడు ఆ ఒక్క మాటనీ విడదీసుకోలేం. ఆ విడదీసే పనికే 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీని, అంటే స్వరాల మీద మాట పలికించే చికిత్సని, ముందుకు తెచ్చారు. థెరపిస్టు చూపించారు, ఇంట్లో మా అప్ప, అంటే అక్క, చేయించింది.

కావలసినవి రెండే స్వరాలు. హార్మోనియం మీద ఒకటో శ్రుతిలో సా పట్టుకుంటే, రెండో నల్ల మెట్టు సాధారణ గాంధారం, అదే ఇక్కడ గా. ఇంగ్లీషులో నొక్కి పలికే అక్షరాన్ని పై స్వరంలో పెడతారు. తెలుగులో అంత నొక్కు ఉండదు కాబట్టి మేం గురులఘువుల్ని పట్టుకున్నాం. గురువుకి గా, లఘువుకి సా. "నీళ్లు" అంటే గా సా, "అంబలి" అంటే గా సా సా. "అన్నం"లో రెండూ గురువులే. రెండూ పైనే పెడితే చదునుగా ఉందని రెండోదాన్ని కిందికి దించేశాం. ఛందస్సు పరీక్ష కాదు కదా!

అప్ప ఎదురుగా కూర్చుని నా ఎడమ చెయ్యి పట్టుకుని బల్ల మీద అక్షరానికో దెబ్బ వేయించేది, సుమారు సెకనుకొకటి. మొదట నోరు మూసి కూనిరాగం. తర్వాత ఇద్దరం కలిసి పాడటం. తర్వాత ఆమె మధ్యలో తప్పుకుంటే నేను పూర్తిచెయ్యడం. ఆపైన ఆమె పాడింది విని నేనొక్కడినే అనడం. ఆఖర్న "ఏటి కావాలిరా?" అని అడుగుతుంది, "అంబలి" అని పాడాలి. తప్పితే ఒక మెట్టు వెనక్కి. చిన్న మాటలు నిలిచాక "అంబలి కావాలి" అనాలి, జవాబుకి ముందు ఆరు సెకన్లు ఆగాలి. చివరి దశలో స్వరాన్ని పల్చబరుస్తూ మామూలు మాటలోకి దిగాలి. బోస్టన్ పద్ధతిలో రోజుకి గంటన్నర, వారానికి ఐదు రోజులు. అలసిపోతే నోరు మొద్దుబారుతుంది, అందుకని మేం మూడు అరగంటలు చేశాం.

పాడేవాళ్లకి ఇందులో ఒక చిక్కుంది. గా మీద గమకం వేసేస్తాం, అంటే స్వరాన్ని ఊపేస్తాం, అక్షరం కరిగిపోతుంది. తెలిసిన వరసలో పెడితే ఇంకా చేటు, నోరు దానంతటదే పాత చరణంలోకి జారిపోతుంది. అందుకే ఆ రెండు స్వరాలూ పాటలా వినిపించకూడదు. మరో చిక్కు పక్కవాళ్లది. మాట తడబడగానే జాలిపడి వాళ్లే అందించేస్తారు. మాట గడగడా వచ్చి అర్థం లేకుండా పోయేవాళ్లకి, విన్నది అర్థం కానివాళ్లకి ఈ పద్ధతి పెద్దగా కలిసిరాదు.

ఫలితం రాగానిదా, తాళానిదా అన్న వాదన పరిశోధకుల్లో ఇంకా తెగలేదు. నా మట్టుకు నాకు స్వరం తప్పినా మాట నడిచేది, దెబ్బ ఆగితే మాటా ఆగేది.

స్కాట్లాండ్‌లో పాటలు రాసి పాడే ఎడ్విన్ కాలిన్స్‌కి 2005లో మెదడులో రక్తస్రావమై మాట పోయింది, 2010లో కొత్త పాటల ఆల్బమ్ తెచ్చాడు. కుడి చెయ్యి మాత్రం తిరిగి వాయించేలా కాలేదు. నేను మళ్లీ పాట కట్టినప్పుడు నిలిచిన పదకొండు మాటల్నే వాడాను, పాదానికి మూడు చొప్పున. మూడు పాదాలకి తొమ్మిది అయిపోయాయి, నాలుగో పాదంలో "అంబలి" రెండోసారి వచ్చింది. రాసింది ఎడమ చేత్తోనే. హార్మోనియం మెట్ల మీద కూడా ఇప్పుడు ఆ చెయ్యే. తిత్తి అప్ప ఊదుతుంది, నేను పాటలో "లేవాలి" అన్న మాట దగ్గర ఆగిపోతే తనూ ఆపేస్తుంది.